ఆప్తవాక్యమూ చమురు లెక్కలూ

ఆప్తుడి మాట ప్రమాణమంటుంది న్యాయదర్శనం. అయితే ఆప్తుడికి విషయం తెలిసుండాలి, ఉన్నదున్నట్టు చెప్పాలన్న ఉద్దేశమూ ఉండాలి. చమురు నిల్వల లెక్కల్లో ప్రభుత్వాలు ఈ రెండో అర్హత దగ్గరే తడబడతాయి. కువైట్ 1984లో తన నిల్వలను సుమారు 67 బిలియన్ బ్యారెళ్ల నుంచి 90 దాటించింది. సౌదీ అరేబియా 1988లో 170ని 255 చేసింది. అంత పెంపుకు తగ్గ కొత్త క్షేత్రాలేవీ బయటపడలేదు. చమురు ఎగుమతి దేశాల కూటమి ఒపెక్‌లో మాత్రం, నిల్వలనూ లెక్కలోకి తీసుకునే ఉత్పత్తి కోటాల బేరసారాలు అప్పట్లో జోరుగా సాగుతుండేవి.

పాత అంకెలే, అంతకుముందు ఆ క్షేత్రాలను నడిపిన విదేశీ కంపెనీలు తగ్గించి చెప్పినవి కావచ్చు కదా అనవచ్చు. 2019లో వెలువడిన బయటి సంస్థ మదింపు సౌదీ అంకెను సమర్థించింది కూడా. కానీ అక్కడ నమ్మకం కలిగించింది తనిఖీయే తప్ప యజమాని మాట కాదు. స్వప్రయోజనం ఉన్నవాడి లెక్క అబద్ధమనక్కర్లేదు. పరీక్షకు నిలిచేదాకా దాన్ని ప్రమాణమనీ అనకూడదు.