కొడుకు లేని తండ్రి కుమార్తె

నల్లగొండ సీమలో నకిరేకల్లునకు సమీపమున చందుపట్ల యను గ్రామము గలదు. కాకతి రుద్రమదేవియు, సేనాని మల్లికార్జున నాయకుడును శివలోకమున కేగిరని అచ్చటి శాసనమొకటి తెలుపుచున్నది. దాని కాలము 1289 నవంబరు మాసము. వారి పుణ్యమునకై పువ్వుల ముమ్మడి యను బంటు దేవునికి భూమి నొసగి యా రాతిని నిలిపెను. ఇరువది యేండ్లకు పైబడి ఓరుగంటి నేలిన రాణి మరణమునకు మనకు మిగిలిన సాక్ష్యము ఒక సేవకుని దానశాసనము!

ఆమె భర్త నిడదవోలు చాళుక్యుడగు వీరభద్రుడు. గణపతిదేవుడు కుమార్తెల వివాహములను రాజ్యపు టాలోచనతోనే జరిపెను. గణపాంబను కోట బేతరాజున కిచ్చెను; అతడు గతించిన పిమ్మట నామెయే యా సీమను పాలించెను. ఆ పెండ్లిండ్లలో కన్యల యిష్టమెట్టిదో ఏ రాతిమీదను ఎవ్వరును చెక్కింపలేదు.

మోటుపల్లి రేవు గల యీ దేశమును గూర్చి వ్రాసిన వెనీసు యాత్రికుడు మార్కోపోలో, ఇచ్చటి రాణి భర్త మరణించిన తరువాత నలువది యేండ్లు న్యాయముగా నేలినదనియు, అతనియందలి ప్రేమచే మఱల వివాహమాడలేదనియు కొనియాడెను. న్యాయమన్న మాట యొప్పుకొందము. రాజ్యము మాత్రము భర్తది కాదు, తండ్రిది. అయినను పరదేశీయుని నేల నిందింపవలెను? పట్టా తన పేర నున్న యిల్లాలిని సైతము మనము ఫలానావారి భార్య యనియే యెఱుగుదుము గదా!

గణపతిదేవుని సాహసము మెచ్చదగినదే. కాని యాతనికి కొడుకులు లేరు. ఒక తమ్ముడు పుట్టియుండినచో రుద్రమ నిడదవోలు కోడలుగానే కాలము గడపియుండెడిది. సింహాసనమెక్కిన తరువాతనైనను శాసనములు పెక్కింట ఆమె రుద్రదేవ మహారాజే.

నన్ను చిరకాలముగా బాధించుచున్న ప్రశ్న వేఱొకటి. రుద్రమకు ముమ్మడమ్మ, రుయ్యమ్మ, రుద్రమ యని మువ్వురు కుమార్తెలు. రాజ్యము వీరిలో నొకరికి రాలేదు. ముమ్మడమ్మ కుమారుడగు ప్రతాపరుద్రుని దత్తత చేసికొని యువరాజుగా నిలిపినది రుద్రమయే. స్త్రీ యేలగలదని లోకమునకు జూపిన తల్లి తన కుమార్తెల నేల దాటిపోయెను?

సామంతులకు స్త్రీపాలన సరిపడలేదు, అంబదేవుడు తిరుగబడెను. తాను పడిన పాట్లు బిడ్డ పడరాదని తలచెనేమో. కన్నతల్లి తలపు కాదనను. అయితే కళాశాల మాన్పించి కుమార్తెను అత్తవారింటికి పంపు తల్లి చెప్పు మాటయు నిదియే గదా! రాజ్యరక్షణ మనుమనివలన మేలుగ జరుగునని యెంచుట రాజనీతి కావచ్చును. ఆ నీతికి మూల్య మిచ్చినది మాత్రము కుమార్తెలు.

2005 నాటి చట్టసవరణ ఉమ్మడి కుటుంబపు టాస్తిలో కుమార్తెకు కొడుకుతో సమానముగ జన్మహక్కు నిచ్చినది. అన్నదమ్ములు లేని లోటుచే గాక, వారుండగనే వచ్చిన హక్కిది. అయినను పసుపు కుంకుమల పేర నింత పుచ్చుకొని, పుట్టినిల్లు దూరమగునను భయముతో, విడుదల పత్రముమీద వ్రేలుముద్ర వేయు చెల్లెండ్రు మన పల్లెల నెందఱు లేరు? ఆ పత్రము ముందుంచి, "సంతకము చేయుము, తల్లీ" యని బుజ్జగించునది పెక్కుసారులు కన్నతల్లియే. దత్తత నాడు ముమ్మడమ్మతో రుద్రమ యేమని పలికెనో!