ఆదర్శం పేర అబద్ధం

జార్జి ఆర్వెల్ నవల ‘1984’ వెలువడింది 1949లో. సామ్యవాదాన్ని ద్వేషించేవారు ఆ పుస్తకాన్ని రాయిలా మనమీదికి విసిరారు. మనలో చాలామంది అది శత్రువు ప్రచారమని, చదవకుండానే పక్కకు నెట్టారు. నిజానికి ఆర్వెల్ సోషలిస్టు. 1937లో స్పెయిన్‌లో ఫ్రాంకో సేనలతో పోరాడుతూ గొంతులో తూటా దెబ్బ తిన్నవాడు. కనుక అతని కల్పిత రాజ్యాన్ని స్టాలిన్ నాటి సోవియట్ రాజ్యంతో పోల్చి చూడడం శత్రువుకు వదిలిపెట్టవలసిన పని కాదు. అది మన పని.

పోలిక స్పష్టంగానే వున్నది. నవలలో విన్‌స్టన్ స్మిత్ ఉద్యోగం పాత పత్రికలను దిద్దడం. పార్టీ నేడు చెప్పినదానికి అనుగుణంగా నిన్నటి వార్త మారిపోవాలి. ఇది ఉత్త కల్పన కాదు. 1953లో బెరియా పతనమైన తర్వాత సోవియట్ మహా విజ్ఞానసర్వస్వం చందాదారులకు కొత్త పుటలు అందాయి. బెరియా వ్యాసాన్ని కత్తిరించి, ఆ చోట బేరింగ్ సముద్రం మొదలైన విషయాల పుటలు అతికించుకోవాలట! స్టాలిన్ పోయినా అలవాటు పోలేదు.

అయితే రెండు చోట్ల చరిత్ర నవలతో ఏకీభవించదు. నవలలోని పార్టీ ముఖ్యంగా తన సభ్యులనే వేయికళ్ళతో కనిపెట్టి వుంటుంది. జనాభాలో 85 శాతమైన సామాన్యులను దాదాపు వారి మానాన వదిలేస్తుంది. చరిత్రలో జరిగింది వేరు. 1937 జూలైలో వెలువడిన 00447 నంబరు ఉత్తర్వు, ఏ ప్రాంతంలో ఎందరిని కాల్చాలో, ఎందరిని శిబిరాలకు పంపాలో ముందే కోటాలు కట్టింది. కులక్కులని ముద్రపడిన రైతులు, మతాచార్యులు దానికి బలి అయ్యారు. 1937-38 రెండేళ్ళలో మరణశిక్ష పొందినవారు సుమారు 6,80,000 మంది. పేరున్న నాయకులు వీరిలో కొద్దిమందే.

రెండవ భేదం మరింత లోతైనది. నవలలో ఓబ్రయన్ దాచకుండా చెబుతాడు: అధికారం కావలసింది అధికారం కోసమే. అటువంటి వాణ్ణి అసహ్యించుకోవడం సులభం. స్టాలిన్ రాజ్యం అలా మాట్లాడలేదు. 1936 రాజ్యాంగం వాక్స్వాతంత్ర్యానికీ, పత్రికా స్వాతంత్ర్యానికీ హామీ యిచ్చింది. దాని రచనలో పాల్గొన్న బుఖారిన్‌ను 1938 మార్చిలో కాల్చి చంపారు. ఆ మాటలు మనం ప్రేమించే మాటలే. అందుకే మంచివాళ్ళు కూడా నోరు మెదపలేదు.

చుట్టూ శత్రువులు, ముంచుకొస్తున్న హిట్లర్. ఆ పరిస్థితిలో మరో దారి ఏదని అడిగే మిత్రులున్నారు. ప్రమాదం నిజమే. 1945 విజయానికి సోవియట్ ప్రజలు చెల్లించిన మూల్యానికి ప్రపంచం ఋణపడి వున్నది. కాని శత్రువును పట్టుకోవడానికి సాక్ష్యం కావాలి. కోటాకు సంఖ్య చాలు. ముందు సంఖ్య నిర్ణయించి, తర్వాత మనుషులను వెతికే పద్ధతిని ఏ ప్రమాదమూ సమర్థించదు. ప్రజలు సాధించిన గెలుపును కోటాల ఖాతాలో జమకట్టడం ఆ ప్రజలకే ద్రోహం.

నవలలో చివరకు విన్‌స్టన్ మనసు కూడా లొంగిపోతుంది. ఇక్కడ చరిత్రే ఎక్కువ ఆశ కలిగిస్తుంది. అరెస్టుకు ముందు, భావి పార్టీ నాయకులకు బుఖారిన్ రాసిన ఉత్తరాన్ని అతని భార్య ఆన్నా లారినా కంఠస్థం చేసింది. దాదాపు ఇరవై ఏళ్ళు శిబిరాల్లోను, ప్రవాసంలోను గడిపినా మరవలేదు. 1988లో బుఖారిన్ నిర్దోషి అని సోవియట్ రాజ్యమే ఒప్పుకొన్నది.

తరగతిలో గోర్కీ ‘అమ్మ’ను గురించి చెప్పే మనం 00447 ఉత్తర్వును గురించి కూడా చెప్పాలి. విద్యార్థి ఆ సంగతిని మొదట శత్రువు నోట వింటే, తర్వాత మన నోట వచ్చే నిజాన్ని కూడా నమ్మడు.