గొంతు చెప్పిన మాట

మావాడు ఇంజనీరింగు చదువుతున్నాడు. మొన్న సెలవలకి ఖమ్మం వచ్చినప్పుడు, "మనిషి గొంతు విని కంప్యూటరు ఇది కోపం, ఇది భయం అని చెప్పేస్తుంది, తెలుసా అమ్మా!" అన్నాడు. "మీ నాన్నగారికి ఒకటి కొనిపెట్టరా" అన్నాను.

నవ్వులాటకి అన్నాను గానీ, వాడు చెప్పింది వినతగ్గదే. ఖరగ్‌పూర్ ఐఐటీవాళ్ళు మన తెలుగులోనే ఈ పనిచేసి 2009లో ప్రకటించారట. విజయవాడ ఆకాశవాణి కళాకారులు పదిమంది, అయిదుగురు ఆడా అయిదుగురు మగా, 15 మామూలు వాక్యాలని ఎనిమిది రకాలుగా చదివారు. కోపం, జాలి, అసహ్యం, భయం, సంతోషం, ఆశ్చర్యం, వెటకారం, ఏ భావమూ లేని గొంతు. పదేసి విడతలు. వెరసి 12,000 పలుకులు! వెటకారాన్నీ లెక్కలోకి తీసుకున్నారంటే ఉమ్మడి కుటుంబాల సంగతి ఎరిగినవాళ్ళే అయివుంటారు.

గొంతు హెచ్చుతగ్గులు, బిగ్గరతనం, మాట సాగదీత, వీటినిబట్టి యంత్రం పోల్చుకుంటుందిట. కోపంలోనూ సంతోషంలోనూ గొంతు పైకే లేస్తుంది కనుక అక్కడ తడబడుతుందిట. పోనిద్దురూ, పక్కింట్లో కేకలు పోట్లాటవో క్రికెట్టువో మనకి మాత్రం తెలుస్తోందా?

అయితే, ఆ కళాకారులు లేని భయాన్ని చూపించారు. ఇళ్ళల్లో మనం ఉన్న భయాన్ని దాచుకుంటాం.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులు, అంటే మొదటి ప్రమాద హెచ్చరిక, దాటిందని అమ్మ ఫోన్ చేసింది. మా పుట్టిల్లు కరకట్టకి దగ్గరే. "భయమేం లేదు. నువ్వు రానక్కర్లేదు. పిల్లాణ్ణి కాలేజీలో చేర్చాలన్నావుగా" అంది. మాటలు నిబ్బరంగానే ఉన్నాయి. ప్రతి మాట చివరా గొంతు మాత్రం సన్నగా జారిపోతోంది. 1986లో 75.6 అడుగుల గోదావరిని కళ్ళారా చూసిన మనిషి మరి.

ఆ వణుకు నాకు తెలియలేదంటే అబద్ధం. తెలిసే, మాటలనే పట్టుకున్నాను. అవే నాకు వీలుగా ఉన్నాయి. "సరేలే, జాగ్రత్త" అని పెట్టేశాను. తర్వాత వంతెన మీద రాకపోకలు ఆపేశారు. నీళ్ళు 71.3 అడుగుల దాకా వెళ్ళాయి.

మావాడి యంత్రమైతే ఆ ఫోను విని "భయం" అని చెప్పి ఊరుకునేది. దాన్నెవరూ తప్పుపట్టరు. నేనూ సరిగ్గానే పోల్చాను. పోల్చి, ఊరుకున్నాను.

ఆ రాత్రుళ్ళు అమ్మకి తోడు పడుకున్నది వెనకవీధిలో అడ్డాకుల విస్తళ్ళు కుట్టే కోయ ఆవిడ. "నాకేం భయం లేదు, పో" అని ఆవిడతోనూ అందిట అమ్మ. ఆవిడ పోలేదు. వెళ్ళి చాప తెచ్చుకుంది.

ఇదంతా అమ్మతో ఇంతవరకూ అనలేదు. ఆవిడకి తెలిసే ఉంటుంది. ఆ రోజు నేనన్న "సరేలే" ఎలాంటి గొంతుతో అన్నానో ఆవిడ వినలేదా ఏమిటి!