నిత్యజీవనమున సౌందర్యము విలాసమా?

కొన్నినాళ్ల క్రిందట నొక మిత్రగోష్ఠిలో నేను ఇంటి ముంగిటి ముగ్గును గూర్చి ప్రసంగించుచుండగా, విద్యావంతుడును దయార్ద్రహృదయుడును నగు నొక మిత్రుడు నన్ను మధ్యలో నాపి యిట్లడిగెను: “అయ్యా! కడుపునిండ నన్నము లేనివారు లోకమున నింతమంది యుండగా పూవులు, ముగ్గులు, రంగులు అని మాటలాడుట మనకు తగునా? జీవితమునకు ప్రయోజనము వెదకవలసినచోటు పరులసేవ గాని పిండిగీతలు కావు గదా?” వినుచున్నవారిలో ననేకులు తలలూపిరి. నాకప్పుడు తగిన సమాధానము తోచలేదు. ఇంటికి వచ్చిన పిమ్మటను ఆ ప్రశ్న నన్ను విడువలేదు. ఇప్పుడు వ్రాయుచున్నది వారికి నేనీయదలచిన ప్రత్యుత్తరము. ఇందు కొంత నా యపరాధమును ఒప్పుకొనుటయు గలదు.

ఆ యాక్షేపణ తేలికగా త్రోసివేయదగినది గాదు. సంఘసంస్కరణమును కోరినవారు రెండు మూడు తరములనుండి అలంకారమును శంకతోనే చూచుచు వచ్చిరి. అందులకు హేతువులును గలవు. అప్పులు చేసి పెండ్లిండ్లలో కావించు నాడంబరము, ఆ ఋణమున మునిగిన కుటుంబములు, పసిబాలికల మెడలను వంచు నగలు, పెద్దల యిండ్ల శుభకార్యములలో భోగముమేళములు, ఇవన్నియు సౌందర్యమను పేరుననే సాగినవి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు (1848–1919) మొదలగువారు వానిని ఖండించుట న్యాయమే. అయితే కలుపు తీయువాడు తొందరపడి పైరును గూడ పీకివేయుట కలదు. దేవదాసీ సమర్పణమును నిషేధించుచు 1947లో మదరాసు రాష్ట్రమున శాసనము వచ్చినది. ఆ దురాచారము పోవలసినదే. కాని దురాచారమును ద్వేషించు నావేశమున, ఆ స్త్రీలు తరతరములుగా కాపాడుకొనివచ్చిన నృత్యగీతవిద్యను గూడ మన పెద్దలలో ననేకులు ద్వేషించిరి. పిమ్మట ఆ విద్య యితరుల చేతులలో గౌరవము పొందినది. దానిని కాపాడినవారికి ఆ గౌరవమున దక్కిన భాగము స్వల్పము. ఇది విస్తరించి వ్రాయదగిన విషయమే గాని నా ప్రస్తుతాంశము వేఱు.

వ్యయమును సౌందర్యముగా భ్రమించినవారు ధనికులు. సౌందర్యమును వ్యయముగా భ్రమించినవారము మనము. ఇరువురి పొరపాటును ఒక్కటే. సౌందర్యము విలాసమా, అవసరమా యని తెలిసికొనుటకు గ్రంథములు తిరుగవేయ బనిలేదు. మన సంఘము విధించిన శిక్షలను చూచిన చాలును. భర్త చనిపోయిన స్త్రీ యొద్దనుండి మన పూర్వులు తీసికొన్నవేవి? తలవెండ్రుకలు, పూలు, గాజులు, కుంకుమ, రంగుచీర. ఆమెకు నీడ నిచ్చిరి. ఒకపూట యన్నము పెట్టిరి. రెండుపూటల పని చేయించుకొనిరి. ప్రాణము నిలుచుటకు వలసినంత మిగిల్చి, కంటికింపైన ప్రతివస్తువును ఏఱి తీసివేసిరి. సౌందర్యము నిజముగా విలాసమాత్రమే యైనచో దానిని తొలగించుట శిక్ష యెట్లగును? లేకున్నను జరుగుబాటగు వస్తువును తీసికొని యెవ్వరును ఎవ్వరిని శిక్షింపరు. చెఱసాలలో మనుష్యునకు పేరుకు బదులు సంఖ్యయు, తన బట్టలకు బదులు అందఱకు నొకేరీతి దుస్తులును ఇచ్చుటలోని యంతరార్థమును ఇదియే. మనుష్యుని మనుష్యునిగా నిలుపునదేదో శిక్షించువానికి చక్కగా తెలియును. ఉపకారము చేయదలచిన మనకే తెలియకపోవుట వింత.

1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున పంతులుగారు జరిపించిన ప్రథమ వితంతువివాహమును స్మరించునప్పుడు, ఒక బాలికకు మరల భర్త లభించెనని చెప్పుకొందుము. మరల పూవులు లభించెనని చెప్పుకొనము. ఇచ్చట నొక చిక్కు గలదు. ఆ పూవులు భర్తతోనే మరల రావలసివచ్చినవి. భర్తతో వచ్చి భర్తతో పోవు నలంకారము స్త్రీకి సొత్తు కాదు. అది ఆమె స్థితిని లోకమునకు తెలుపు గుఱుతు. తనదైన సౌందర్యము వేఱొకటి యుండవలెను. దానిని నేను మా యింటనే చూచితిని, చూచియు చెఱచితిని.

మా తండ్రిగారి యక్క పదునాఱవయేట భర్తను గోలుపోయి పుట్టినింటికి వచ్చినది. నాకు బుద్ధి తెలియునప్పటి కామెకు నలువదియేండ్లుండును. వితంతువులు వివాహమాడుటకు చట్టము 1856లోనే సమ్మతించినది. దాదాపు నూఱేండ్లు గడచినను గోదావరియొడ్డున నున్న మా గ్రామమునకు ఆ చట్టము రాలేదు. తెల్లవారకమునుపే లేచి పాలు పితుకుట, మజ్జిగ చిలుకుట, పొయ్యి యలుకుట, పిల్లలకు తలలు దువ్వుట, రోగులకు కావలియుండుట, ఇవన్నియు ఆమె వంతు. వాకిట కళ్లాపి చల్లి ముగ్గు పెట్టుట మాత్రము మా యమ్మ వంతు. పండుగనాడు వాకిట ముగ్గు పుణ్యస్త్రీయే పెట్టవలెనని మా నాయనమ్మ నియమము. ఆ నియమమును ఎవ్వరును నోటితో చెప్పగా నేను వినలేదు. చెప్పవలసిన యవసరము లేనంత గట్టిగా నది పాతుకొనియుండెను.

అయితే పెరటిలో, నూతికిని బట్టలుతుకు బండకును నడుమ జానెడంత చదునైన చోటుండెను. ధనుర్మాసమున నొకనాడు చీకటితో మెలకువ వచ్చి పెరటిలోనికి పోగా, అచ్చట మా యత్త లాంతరు ప్రక్కను పెట్టుకొని గొంతుకూర్చుండి, నూకపిండితో ముగ్గు పెట్టుచుండెను. మా యమ్మ పెట్టు పద్మములుగాని రథములుగాని కావవి. నూతి గిలక, దానినుండి వ్రేలాడు చేద, చేద యంచున వ్రాలిన కాకి. మఱునాడు చూచితిని: పొట్లపాదు. ఆ మఱునాడు మా యింటి పిల్లి, నాలుగు పిల్లలకు పాలిచ్చుచు నొకవైపునకు ఒరిగి పరుండియున్నది. ప్రొద్దెక్కి నీళ్లు తోడుట మొదలిడిన పిమ్మట అన్నియు కొట్టుకొనిపోయెడివి. చూచినవాడను నేనొక్కడనే. నాకప్పుడేడేండ్లు.

భోగినాడు ఇల్లంతయు చుట్టములతో నిండియుండెను. అందఱును నవ్వుదురని, నన్ను మెచ్చుకొందురని, నేను నట్టింట నిలువబడి “అత్త దొడ్లో పిల్లిముగ్గు పెట్టింది” అని కేకవేసితిని. ఎవ్వరును నవ్వలేదు. నాయనమ్మ లేచి పెరటిలోనికి పోయి, ఒక బిందెడు నీళ్లు ఆ ముగ్గుమీద క్రుమ్మరించి, “పండుగపూట” అని యొక్క మాట మాత్రమని లోపలికి వచ్చినది. మా యత్త కవ్వము వదలకుండ మజ్జిగ చిలుకుచునే యుండెను. ఆమె నన్ను పల్లెత్తుమాట యనలేదు. మధ్యాహ్నము తన చేతితోనే నాకరిసె పెట్టినది. ఆ యరిసె రుచి నాకిప్పటికిని జ్ఞప్తియందున్నది. అది మంచి జ్ఞాపకము గాదు.

మాఘమాసమంతయు ఆ చోటు ఖాళీగా నుండెను. ఫాల్గుణమున నొకనాటి వేకువను చూడగా, అఱచేయి వెడల్పున నాలుగు చుక్కలును, వానిని చుట్టి వచ్చిన యొక్క గీతయు నుండెను. పిల్లి లేదు, కాకి లేదు. నేను చూచుట ఆమె చూచినది. ఆనాడు నేనెవ్వరికిని చెప్పలేదు. ఆ యేడాది నేను చేసిన మంచిపని యేదైన నున్నచో అదియే.

ఇప్పుడు నా మిత్రుని ప్రశ్నకు వత్తును. జీవితప్రయోజనము పరులసేవయే యైనచో మా యత్త జీవితమంత సప్రయోజనమైనది మా యూర వేఱొకటి లేదు. కోడికూతనుండి దీపము మలుపువఱకు ఆమె పరులకే పాటుపడినది. కాని యా సేవలో ఆమె కోరి చేసినదేది? కాదనుట కధికారము లేనివారు చేయు సేవను మనము త్యాగమని కీర్తించుట మన సుఖముకొఱకే. దినమంతటిలో ఆమె తానై తలచి, తానై యారంభించి, తనకు తోచినంతవఱకు నడపి, తృప్తితో ముగించినపని ఆ జానెడు ముగ్గు ఒక్కటే. దానికి కూలి లేదు, పుణ్యమని యెవ్వరును చెప్పలేదు, చూచువారు లేరు, జాము గడచిన నిలువదు. అయినను దానికై ఆమె నిద్రలో నొక గడియ తగ్గించుకొనినది. నాయనమ్మ కోపమున కెదురొడ్డినది. ప్రయోజనమను మాటకు ఇంతకంటె స్పష్టమైన యుదాహరణము నేను చూడలేదు. పరులసేవ వలదని నేననుట లేదు. తనదనుటకు లోన నేదియు మిగులనివారు ఇతరులకు నిజముగా ఇచ్చునదేమి యని మాత్రమే యడుగుచున్నాను.

తనదైన సౌందర్యమనగా ఎవ్వరును మునుపు చేయనిదానిని చేయుటయని కొందఱు తలంతురు. అట్లనిన చుక్కల ముగ్గులన్నియు అనుకరణములే కావలెను. తల్లి పెట్టిన చుక్కలనే కూతురు పెట్టును. చుక్కల లెక్క తప్పెనా గీత కలియదు. తమిళదేశమున కోలమని పిలుచు నీ విద్యలోని నియమములను గ్రహించి, 1974లో గిఫ్ట్ సిరోమణి, రాణీ సిరోమణి, కమలా కృతివాసన్ అను మదరాసు పండితులు గణితవ్యాకరణ పద్ధతిని వ్యాసము ప్రకటించిరి. నిరక్షరులని మనము భావించు స్త్రీలు వేకువజామున ఏ కాగితము లేకయే సాధించుచున్న లెక్కను గ్రహించుటకు పండితులకు క్రొత్త పరిభాష కావలసివచ్చినది! చుక్కలు పరంపరాగతములు, వ్రేలిసందునుండి పిండి జాఱువేగము, గీత వంపు తిరుగుచోట చేతి యాగుదల, ఇవి యామెవి. మా యత్త చుక్కలను వదలి పిల్లిని చిత్రించినప్పుడెంత స్వతంత్రయో, ఫాల్గుణమున నాలుగు చుక్కలకు మరలినప్పుడును అంత స్వతంత్రయే. బహుశః అంతకంటె నధికముగనే.

వంగదేశమున నీ విద్యను విద్వాంసులు ముందుగా గౌరవించిరి. అవనీంద్రనాథ ఠాకూరుగారు 1919లో ప్రకటించిన ‘బాంగ్లార్ బ్రత’ యను గ్రంథమున స్త్రీల వ్రతములను, ఆ సందర్భమున వారు చిత్రించు నాలిపనలను చర్చించిరి. శాంతినికేతనమున నందలాల్ బోసుగారి కాలమున ఆలిపన ఉత్సవములలో భాగమైనది. ఇది మెచ్చదగినది. మనవైపున సంక్రాంతికి ముగ్గుల పోటీలు జరుగుచున్నవి. అవియు మంచివే గాని, బహుమానముకొఱకు పెట్టు ముగ్గునకును, నూతిప్రక్కను పెట్టినదానికిని నడుమనున్న దూరమును మఱువరాదు. ఇక గడపకు అంటించు ముగ్గు కాగితములు వచ్చినవి. వాకిలి లేని బహుళాంతస్తుల యింట నుండువారిని నేను నిందింపను. వారికి తీరిక లేదు, నేల లేదు. అంటించినది చెరగదు; అదియే దాని లోపము. ఉన్నదానిని చెరుపు రేపు లేనిచో, మరల పెట్టవలసిన చేయియు నక్కఱలేదు గదా.

మిత్రుని యాక్షేపణలో నింకొక యంశము మిగిలియున్నది: పేదలమాట. ఇచ్చట నేను వారితో ఏకీభవింతును. మనవంటి వారిని హెచ్చరింపవలసినదియు నిచ్చటనే. శ్రీకాకుళము జిల్లా పొందూరున స్త్రీలు ప్రత్తిని వాలుగచేప దవడయెముకతో దువ్వి, గింజ తీసి, యేకి, నూఱవ నంబరువఱకు సన్నని నూలు వడకుదురు. చేప దవడలోని సన్నని పండ్లకు తుల్యమైన దువ్వెనను వారు వేఱొకదానిని కనుగొనలేదు. అంత సూక్ష్మమైన నేర్పును చూచి మనము పరవశులమై, వారి పనిలో ఆనందము గలదని వ్యాసములు వ్రాయుదుము. గలదు, కాని యా యానందమును చూపి కూలి తగ్గించుట దొంగతనము. ఇంగ్లండున విలియం మారిసుగారు (1834–1896) కళ యనగా శ్రమలోని యానందమని బోధించిరి. తమ కర్మాగారమున చేసిన యందమైన వస్తువులు ధనికులకే యందుబాటగుట చూచి తామే నొచ్చుకొనిరి. ఆ నొప్పి మనకును ఉండదగినది. నేత చీరను కొనునప్పుడు బేరమాడి, ఇంటికి వచ్చి దాని యందమును గూర్చి యుపన్యసించువారిలో నేనును ఒకడనే.

మా యత్త పోయి చాల యేండ్లైనది. ఆ యిల్లు అమ్ముడుపోయినది. నూయి పూడ్చివేసిరని విన్నాను. ఆ గోష్ఠి జరిగిన వారమునకు నేనొక వేకువను లేచి, మా కోడలు లేవకమునుపు, వంటయింటినుండి గుప్పెడు బియ్యపుపిండి తీసికొని వాకిట గూర్చుంటిని. ఇన్నియేండ్లు ముగ్గును గూర్చి మాటలాడినవాడను. ఒక్కనాడును చేత పట్టలేదు. మగవానికి తగదని యెవ్వరును నాకు చెప్పియుండలేదు, చెప్పవలసిన యవసరమే లేకుండెను. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ పిండి జాఱదు. జాఱినచో కుప్పగా పడును. నాలుగు చుక్కలు పెట్టి గీతను చుట్టి త్రిప్పగా మూడవ చుక్కయొద్ద నది తెగినది. తలుపు తెఱచుకొని వచ్చిన కోడలు చూచి, “మామయ్యగారూ, తుడిచేయమంటారా?” అని యడిగినది. ఉండనిమ్మంటిని. ఎనిమిదిగంటలవేళకు చీమలు వచ్చినవి.