ఏ జాతి?

మా నాయన పాలేరుగా చేసిన ఆసామి ఇంట్లో ఒక జాతి కుక్క ఉండేది. అది వంటింటి గుమ్మందాకా పోయేది. నాయన మాత్రం పశువుల కొట్టం కాడే ఆగాలి. 1927లో మహద్‌లో అంబేద్కర్ తన జనంతో చవదార్ చెరువు నీళ్ళు తాగితే, సవర్ణులు ఆ చెరువుని శుద్ధి చేశారు. పశువులు తాగితే లేని మైల మనిషి దోసిలితో వచ్చింది.

నా కూతురు కుక్కపిల్ల కావాలంది. నిజం చెప్పాలంటే మోజు నాదే. జాతి కుక్కని కొంటే నాయన పడ్డ అవమానం తీరుతుందనుకున్నా.

హైదరాబాదులో అమ్మేవాడు ఒక కాయితం చూపించాడు. దాని తల్లి, తండ్రి, తాతల పేర్లు. "ప్యూర్ బ్లడ్ సార్, బయటి రక్తం కలవలే."

కడుపులో దేవినట్టయింది. ఆ చప్పిడి ముఖం కోసం ఏరి ఏరి పుట్టించబట్టే పగ్‌కి ఊపిరాడదు. దగ్గర రక్తంలోనే కలుపుతూ పోతే జబ్బులూ వారసత్వమే. లేచొచ్చేశాం. షెల్టర్ నుంచి ఒక కుంటి ఊరకుక్కని తెచ్చుకున్నాం.

దళితుణ్ణి ఊరకుక్కతో పోల్చాననుకోకండి. ఆ తిట్టు మేం చాలా తిన్నాం. నేనడిగేది వేరు. పుట్టుకకి వెలకట్టి కుక్కని కొని, పుట్టుకకి వెలకట్టొద్దని సభలో ఏ మొహంతో మాట్లాడను?

ఇల్లు అద్దెకి అడిగిననాడు "మీరేమిటోళ్ళు?" అన్న ఓనరే నిన్న మెట్లమీద ఆగాడు.

"ఏ జాతండీ?"

"కుక్కండీ" అన్నాను.