దండధర్మం నుంచి తప్పుకోవచ్చునా?

భారతీయ రాజనీతి గ్రంథాలలో దండమంటే శిక్ష ఒక్కటే కాదు; పెద్ద చేప చిన్న చేపను మింగే స్థితిని, అంటే మత్స్యన్యాయాన్ని, అడ్డుకోవడానికి సమాజం రాజుకు అప్పగించిన బలప్రయోగాధికారం మొత్తానికీ అది పేరు. ఆ అధికారాన్ని నేడు వీధిలో మోస్తున్నది రాజు కాదు, జీతానికి పనిచేసే పోలీసు అధికారి. అందిన ఆదేశం అధర్మమని తోచినప్పుడు ఆ అధికారి కొలువు వదిలి, ఓటు కోసం ప్రజల ముందు నిలబడితే, అది ధర్మాన్ని నిలబెట్టడమవుతుందా, లేక తన చేతులకు మాత్రం మరక అంటకుండా చూసుకోవడమవుతుందా?

ఈ ప్రశ్నకు మెదక్ జిల్లాలో ఒక ఉదాహరణ ఉంది. సంగారెడ్డి ఇంకా ఆ ఉమ్మడి జిల్లాకు కేంద్రంగా ఉన్న కాలంలో, 2009 డిసెంబరులో, మెదక్ డీఎస్పీ నళిని తెలంగాణ ఉద్యమకారులపై లాఠీ ఎత్తలేనని ప్రకటించి రాజీనామా చేశారు. పోలీసుల సంఘ స్వేచ్ఛను, వాక్ స్వేచ్ఛను పరిమితం చేసే చట్టం 1966 నుంచే అమలులో ఉన్నందున, యూనిఫాంలో ఉంటూ ఆ మాట బహిరంగంగా అనే వీలు ఆమెకు దాదాపు లేదు. అందువల్ల రాజీనామా పత్రమే ఆమె చేసిన తొలి రాజకీయ ప్రసంగమయింది. 2012లో ఆమె పరకాల ఉప ఎన్నికలో పోటీ చేసి ఓడిపోయారు. పోలీసు వ్యవస్థ ఎలా ఉండాలన్నది అక్కడ ఓటరు ముందున్న ప్రశ్న కానే కాదు. తెలంగాణను సాధించగల పార్టీ ఏదన్నదే పోటీ కావడంతో తెరాస స్వల్ప ఆధిక్యంతో గెలిచింది. త్యాగానికి జనం చేతులు జోడిస్తారు గానీ, ప్రాతినిధ్యాన్ని వేరే లెక్కతో అప్పగిస్తారన్నది పరకాలకే పరిమితమైన సంగతి కాదు.

తిక్కన తెలుగు చేసిన శాంతిపర్వంలో ఈ చిక్కే మరో రూపంలో ఎదురవుతుంది. యుద్ధం ముగిశాక బంధువధ పాపం తనను అంటిందని కుమిలి, రాజ్యం వదిలి అడవికి పోతానన్న ధర్మరాజును తమ్ముళ్లు, ద్రౌపది, మునులు ఒక్కొక్కరే నిలువరిస్తారు. ఆపైన భీష్ముడు అంపశయ్య మీద నుంచే రాజధర్మాన్ని బోధిస్తాడు. వారి వాదాల సారం ఒక్కటే: దండాన్ని వదిలినవాడు పాపం నుంచి బయటపడినట్టు అనిపించినా, అది మరొకరి చేతిలోకి పోతుంది, ఆ చేయి ఎంత న్యాయమైనదో వదిలినవాడికి తెలియదు. అయితే ఈ వాదాన్ని డీఎస్పీ స్థాయికి యథాతథంగా అన్వయించడం సరికాదు. ధర్మరాజు ఆదేశాలిచ్చే స్థానంలో ఉన్నాడు, డీఎస్పీ ఆదేశాలు అందుకునే స్థానంలో ఉంటాడు; ఆదేశాన్ని మార్చే శక్తి లేనివాడికి తిరస్కరించడం ఒక్కటే మిగిలిన దండనీతి కావచ్చు.

ఈ తేడా పటాన్‌చెరు పారిశ్రామిక వాడలో మరింత స్పష్టమవుతుంది. ఫ్యాక్టరీల వ్యర్థజలాలతో నక్కవాగు పాడై, ఆ వివాదం 1990లో సుప్రీంకోర్టుకు చేరింది. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి ఔషధ కర్మాగారంలో జరిగిన పేలుడు 40 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఇటువంటి చోట యాజమాన్యానికీ బాధితులకూ నడుమ గేటు దగ్గర నిలబడేది కానిస్టేబులే అయినా, ఆ గేటు లోపలి భద్రతను నిర్ణయించేవి చట్టసభ, తనిఖీ శాఖ. కనుక దండం ఎవరి మీద పడుతుందో ప్రత్యక్షంగా చూసిన అధికారి దాని నియమాలను రాసే సభకు వెళ్లాలనుకోవడంలో తర్కం ఉంది.

మాజీ ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ ప్రయాణం నళిని ప్రయాణానికి దాదాపు తిరగబడిన క్రమం. సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శిగా ఉండగానే, 2021 మార్చిలో పెద్దపల్లి జిల్లా ధూళికట్ట బౌద్ధ క్షేత్రం వద్ద ఆయన హాజరైన సభలో హిందూ దేవతలను పూజించబోమన్న ప్రతిజ్ఞ వివాదమయింది. 1956లో నాగపూర్‌లో అంబేద్కర్ చేయించిన 22 ప్రతిజ్ఞల పరంపరకు చెందిన ఆ మాటలు పౌరుడి నోట అంతఃకరణ స్వేచ్ఛ; అధికారి సమక్షంలో మాత్రం రాజ్యం తటస్థతపై సందేహం. ఆయన ఆ ఏడాది జులైలో స్వచ్ఛంద పదవీ విరమణ కోరి, ఆగస్టులో బీఎస్పీలో చేరారు. 2023లో సిర్పూర్‌లోను, 2024లో భారత రాష్ట్ర సమితి అభ్యర్థిగా నాగర్‌కర్నూల్‌లోను ఓడిపోయారు. ఆయనకు మతప్రతిజ్ఞ వివాదం ముందు, రాజకీయం తరువాత. నళినికి రాజకీయం ముందు, మతం తరువాత.

2023 డిసెంబరులో కొత్త ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి, ఆమెకు ఇష్టమైతే ఉద్యోగం తిరిగి ఇచ్చే అవకాశాన్ని పరిశీలించమని అధికారులకు చెప్పగా, నళిని ఆ కొలువు వద్దని, వేదధర్మ ప్రచారంలోనే ఉంటానని తెలిపారు. అప్పటికి రాష్ట్రం ఏర్పడి తొమ్మిదేళ్లు దాటింది. ఆమె నిరాకరించిన ఆదేశం కూడా చరిత్రలో కలిసిపోయింది. కాబట్టి రెండో తిరస్కారానికి మొదటి కారణం సరిపోదు. 2009లో ఆమె వదిలింది ఒక ఆదేశాన్ని, 2023లో వద్దన్నది దండాన్నే. మొదటిదాన్ని రాజకీయ నీతితో సమర్థించవచ్చు. రెండోది నివృత్తి మార్గం, అంటే లోకవ్యవహారం నుంచి వెనుదిరిగే జీవనవిధానం, కనుక శాంతిపర్వంలో ధర్మరాజుకు చెప్పిన సమాధానం ఆమెకు వర్తించాలంటే, ముందుగా ఆమె రాజ్యాన్ని తన బాధ్యతగా ఒప్పుకుని ఉండాలి.