ఆప్తవాక్యమూ భౌతికశాస్త్ర తరగతీ

జ్ఞానానికి సాధనమైన దాన్ని భారతీయ దర్శనాలు ప్రమాణం అన్నాయి గాని, ప్రమాణాలు ఎన్ని అన్న దగ్గర అవి ఏకీభవించలేదు. ఇంద్రియాలతో తెలిసేది ప్రత్యక్షం, తెలిసినదాన్ని బట్టి తెలియనిదాన్ని నిర్ణయించుకోవడం అనుమానం. దిఙ్నాగుడి వంటి బౌద్ధ తార్కికులు ఈ రెండింటి దగ్గరే ఆగిపోగా, న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులు ఉపమానాన్ని (పోలికను), శబ్దాన్ని కూడా చేర్చి, నమ్మదగినవాని మాట వినడం కూడా స్వతంత్రమైన జ్ఞానమార్గమేనని వాదించారు. ఈ పాత వివాదం నేటి విశ్వవిద్యాలయాల భౌతికశాస్త్ర విభాగాలకు నేరుగా తగులుతుంది. ప్రయోగమే ప్రాణమని చెప్పుకునే ఆ శాస్త్రంలో సైతం విద్యార్థికి అబ్బే జ్ఞానంలో అత్యధిక భాగం అతడు చూసినది కాదు, అధ్యాపకుని నోట విని ఒప్పుకున్నది. మార్కాపురం, గిద్దలూరు డిగ్రీ కళాశాలల్లో ఎలక్ట్రాన్ ఆవేశం విలువను రాసుకునే విద్యార్థి, శాస్త్రం పేరుతోనే అయినా, శబ్దప్రమాణం మీదే ఆధారపడుతున్నాడు.

అలాంటప్పుడు అధ్యాపకుని మాట ఎప్పుడు ప్రమాణమవుతుంది? న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడి ప్రకారం, విషయాన్ని సాక్షాత్తుగా ఎరిగి, ఎరిగినదాన్ని ఉన్నది ఉన్నట్లు చెప్పాలన్న కోరికతో మాట్లాడేవాడు ఆప్తుడు. ఈ లక్షణం ఋషికీ, ఆర్యునికీ, మ్లేచ్ఛునికీ సమానమేనని కూడా ఆయన స్పష్టం చేశాడు. అంటే ఆప్తత్వం పుట్టుకలోనో పదవిలోనో ఉండదు, ఫలానా మనిషికి ఫలానా విషయంతో ఉన్న సంబంధంలో ఉంటుంది. ఒక విషయంలో ఆప్తుడైనవాడు మరొక విషయంలో మామూలు శ్రోత మాత్రమే కావచ్చు.

విషయాన్ని స్వయంగా ఎరగడమంటే నేటి అధ్యాపకునికి పరిశోధనే. బోధన, పరిశోధన అన్న ఈ జంటకు మూలం వెతికేవారు తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లిని చూపడం పరిపాటి. అక్కడ ఋతం, సత్యం, తపస్సు, దమం, శమం వంటి ప్రతి ధర్మంతోనూ స్వాధ్యాయాన్ని, ప్రవచనాన్ని (బోధనను) జతచేయడం, ఆ రెండే తపస్సని నాకుడనే ఋషి చెప్పినట్లు పేర్కొనడం నిజమే. అయితే అక్కడి స్వాధ్యాయం పరంపరగా వచ్చిన వేదాన్ని చెడకుండా నిలుపుకోవడం, పరిశోధన అయితే పరంపరగా వచ్చినదాన్ని అవసరమైతే తోసిపుచ్చడం. ఈ తేడాను దాటవేసి ఆధునిక పరిశోధన అంతా ఉపనిషత్తులోనే ఉందనడం సభలకు పనికివస్తుందేమో గాని, తర్కానికి నిలవదు. నిలిచేది వాత్స్యాయనుని లక్షణమే: విషయాన్ని తాను ఎరగకుండా చెప్పేవాని మాట వాక్యమే అవుతుంది గాని ఆప్తవాక్యం కాదు.

ఈ లక్షణానికి తెలుగునాట దొరికే ఉదాహరణల్లో ప్రముఖుడు భౌతికశాస్త్రవేత్త సూరి భగవంతం. 1909లో పుట్టి, కలకత్తాలో సి.వి. రామన్ వద్ద పరిశోధన చేసి, 1932లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరిన ఆయన, అణువుల, స్ఫటికాల ధర్మాలను వాటి సౌష్ఠవం నుంచి రాబట్టే పద్ధతిని అభివృద్ధి చేశాడు. సౌష్ఠవం అంటే, వస్తువును ఒక విధంగా తిప్పినా, ప్రతిబింబింపజేసినా దాని రూపం మారకుండా ఉండడం. ఆ గణితాన్ని వివరిస్తూ టి. వెంకటరాయుడుతో కలిసి రాసిన గ్రంథాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయమే 1948లో ప్రచురించింది. తాను శోధించినదాన్నే పాఠ్యగ్రంథంగా మలచిన అధ్యాపకుడు ఆ విషయంలో ఆప్తుడని వేరే చెప్పనక్కరలేదు.

ఆ పద్ధతి మార్కాపురం ప్రాంతానికి దూరమైనదేమీ కాదు. మార్కాపురం పలకరాయి కడప శిలాసముదాయంలో కంభం ఊరి పేరుతోనే పిలిచే శ్రేణికి చెందినది, దాని వయస్సు వంద కోట్ల ఏళ్లకు పైమాటే. ఒకప్పటి బురద, భూగర్భపు ఒత్తిడికి గట్టిపడి, అందులోని రేకుల వంటి ఖనిజాలు ఒకే దిశగా అమరడం వల్ల అది పలుచని పొరలుగా చీలుతుంది. ఆ కారణంగానే అందులో వేడి పొరల వెంట ఒక తీరుగా, పొరలకు అడ్డంగా మరో తీరుగా ప్రసరిస్తుంది. ఇలా దిశను బట్టి ధర్మం మారడాన్ని అసమదైశికత అంటారు. ఏ సౌష్ఠవమూ లేని స్ఫటికం స్థితిస్థాపకతను వర్ణించడానికి 21 స్థిరాంకాలు కావాలి, అన్ని దిశల్లో సమానంగా ఉండే పదార్థానికి 2 చాలు, పొరలకు లంబంగా ఉన్న ఒకే అక్షం చుట్టూ సౌష్ఠవం ఉన్నదని భావిస్తే పలకరాయికి 5 సరిపోతాయి. భగవంతం పరిశోధనలోని తర్కం ఈ తరహాదే. ఊరి రాతిని వేడిచేసి రెండు దిశల్లో ఉష్ణోగ్రతను కొలవడానికి ఖరీదైన ప్రయోగశాల అక్కరలేదు, అయినా ఆ కొలత తీసుకున్న అధ్యాపకుడు అసమదైశికతను గురించి చెప్పే మాట, పుస్తకం చూసి చెప్పేవాని మాట ఒకటి కావు. సహాయాచార్యునికి వారానికి 16 గంటల బోధన ఉండాలన్న 2018 నాటి యూజీసీ నిబంధన, తరగతి గంటలను లెక్కించినంత సులభంగా ఈ ఎరుకను లెక్కించలేదు. ప్రచురితమైన పత్రాల సంఖ్య కూడా ఈ ఎరుకను కొలవలేదు.

భగవంతం జీవితంలోని మరో భాగం ఈ ప్రశ్నను మతం దాకా తీసుకువెళ్తుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా, భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకుడిగా, రక్షణమంత్రికి వైజ్ఞానిక సలహాదారుగా పనిచేసిన ఆయన, పుట్టపర్తి సత్యసాయిబాబా తెలుగు ప్రసంగాలను సభల్లో ఇంగ్లీషులోకి అనువదించాడు. సాయిబాబా అద్భుతాలను అంతటి శాస్త్రవేత్తే నమ్మాడు గదా అన్న వాదం అప్పటినుంచి వాడుకలోకి వచ్చింది. దానికి ఎదురుగా, కేంద్రక భౌతికశాస్త్రం చదివి బెంగళూరు విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయిన హెచ్. నరసింహయ్య 1976లో అద్భుతాలను పరీక్షించడానికి ఒక సంఘాన్ని నియమించాడు, అయినా సాయిబాబా విషయంలో ఆ పరీక్ష జరగలేదు. హేతువాదులు నరసింహయ్య పేరును అదే తీరున ఎత్తిచూపుతారు. రెండు పక్షాలవారూ చేసే పొరపాటు ఒకటే. స్ఫటికాల విషయంలో భగవంతానికి ఉన్న ఆప్తత్వం అద్భుతాల మీదికి పాకదు; అక్కడ ఆయన తాను చూసినదానికి సాక్షి మాత్రమే, ఆ సాక్ష్యాన్ని చదువు లేని భక్తుని సాక్ష్యంతో పాటే తూచాలి. అలాగే నరసింహయ్య పట్టా కూడా దేన్నీ ఖండించదు. ఆయన కోరిన పరీక్షకు మాత్రం, ఎవరు కోరినా ఉండే విలువ ఉంది. భక్తుని విశ్వాసానికి భౌతికశాస్త్రజ్ఞుని అనుమతి అక్కరలేదు, భౌతికశాస్త్రజ్ఞుని భక్తి ఆ విశ్వాసానికి రుజువూ కాదు.